కణాన్ని ఎదగనివ్వని రసాయనం

2008లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు గ్లయోబ్లాస్టోమా అనే మెదడు కణితులను 22 మంది రోగుల నుంచి సేకరించి, ఒక్కో కణితిలో ఇరవై వేలకు పైగా జన్యువులను వరసపెట్టి చదివారు. మెదడులో పుట్టే క్యాన్సర్లలో ఇది చాలా మొండిది. క్యాన్సర్‌కు కారణాలుగా అప్పటికే పేరుపడిన జన్యువులు ఎలాగూ కనిపించాయి. వాటి మధ్య ఎవరూ అనుకోని పేరు ఒకటి బయటపడింది. అది ఐసోసిట్రేట్ డీహైడ్రోజినేజ్-1, పొట్టిగా ఐడీహెచ్1.

ఈ జన్యువు కణవిభజనను నడిపేది కాదు. దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసేదీ కాదు. మనం తిన్న తిండిని కణం మెట్టు మెట్టుగా మార్చుకునేటప్పుడు ఒకానొక మెట్టు దగ్గర పనిచేసే ఎంజైమును తయారుచేస్తుంది, అంతే. డిగ్రీ విద్యార్థులు జీవరసాయన శాస్త్రం పరీక్షకు బట్టీపట్టి, పరీక్ష కాగానే మరిచిపోయే పేర్లలో ఇలాంటిదొకటి. అలాంటి ఎంజైముకూ క్యాన్సర్‌కూ ఏమిటి సంబంధం?

మరుసటి ఏడాదికి ఆ ప్రశ్న మరింత పదునెక్కింది. గ్లయోబ్లాస్టోమా కంటే మెల్లగా పెరిగే మెదడు కణితుల్లో, అంటే రెండో, మూడో గ్రేడు గ్లయోమాల్లో, 70 శాతానికి పైగా ఐడీహెచ్ లోపం కనిపించింది. అదే 2009లో, ఏఎంఎల్ అనే తీవ్రమైన రక్త క్యాన్సర్ ఉన్న 188 మందిని పరీక్షిస్తే 16 మందిలో ఇదే జన్యువు దెబ్బతిని ఉంది. మెదడుకూ ఎముక మూలుగకూ పోలికే లేదు. రెండు చోట్లా ఒకే ఎంజైము, దాదాపు ఒకే చోట, చెడింది.

దీనికి దొరికిన జవాబు క్యాన్సర్ గురించి మన అవగాహనను మార్చేసింది. కణంలో అటూ ఇటూ తిరిగే చిన్న చిన్న రసాయనాలను శాస్త్రవేత్తలు మెటబొలైట్లు అంటారు. గ్లూకోజు, లాక్టిక్ ఆమ్లం, సిట్రిక్ ఆమ్లం, అమైనో ఆమ్లాలు అన్నీ ఆ కోవలోవే. చాలాకాలం వీటిని ఇంధనంగానో, ముడిసరుకుగానో, వ్యర్థంగానో మాత్రమే చూశాం. ఇవి కణానికి ఆజ్ఞలు కూడా ఇస్తాయి. ఆజ్ఞ తప్పితే కణం దారి తప్పుతుంది. ఆ తప్పుడు ఆజ్ఞ ఎక్కడ పుడుతోందో తెలిస్తే, దాన్ని ఆపే మందు కూడా తయారుచేయవచ్చు.

వార్‌బర్గ్ సీసాలు

ఈ కథ మొదలైంది 1920లలో, బెర్లిన్‌లో. ఒట్టో వార్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఎలుక కణితిని అర మిల్లీమీటరు మించని పలచటి పొరలుగా కోసేవాడు. అంతకంటే మందమైతే లోపలి కణాలకు ఆక్సిజన్ అందదు. ఆ పొరలను గ్లూకోజు, బైకార్బొనేటు కలిపిన ద్రావణంలో వేసి, చిన్న గాజు సీసాలో పెట్టి, ఒంటి వేడితో ఉన్న నీటి తొట్టిలో ఆపకుండా కదిలించేవాడు. సీసాకు అమర్చిన సన్నని గాజు గొట్టంలో ద్రవమట్టం ఎంత కదిలిందో చూసి, లోపల వాయువు ఎంత ఖర్చయిందో, ఎంత పుట్టిందో లెక్కకట్టేవాడు. కణాలు లాక్టిక్ ఆమ్లాన్ని వదిలితే అది బైకార్బొనేటుతో కలిసి కార్బన్ డయాక్సైడును బయటికి నెడుతుంది, మట్టం మారుతుంది. నేటి యంత్రాలతో పోలిస్తే ఇదంతా అతి సాదా పరికరం. కానీ అది చెప్పిన సంగతి ఇప్పటికీ నిలిచి ఉంది.

మామూలు కణాలకు ఆక్సిజన్ అందితే గ్లూకోజును పూర్తిగా దహనం చేసుకుంటాయి. ఒక్కో గ్లూకోజు అణువు నుంచి సుమారు 30 ఏటీపీ అణువులు వస్తాయి. కణంలో ఏ పనికైనా ఖర్చయ్యే శక్తి ఈ ఏటీపీ రూపంలోనే ఉంటుంది. ఆక్సిజన్ కరువైనప్పుడు మాత్రమే, పరుగు తీసే కండరంలో జరిగినట్టు, గ్లూకోజును సగంలో ఆపి లాక్టిక్ ఆమ్లంగా వదిలేస్తాయి. అప్పుడు దక్కేవి రెండే ఏటీపీలు. కణితి కణాలు మాత్రం చుట్టూ ఆక్సిజన్ ఉన్నా గ్లూకోజును ఆబగా లాక్కుని, లాక్టిక్ ఆమ్లంగా మార్చి బయటికి పంపుతున్నాయి.

కణితిలో శ్వాసక్రియ చెడిపోవడమే క్యాన్సర్‌కు మూలమని వార్‌బర్గ్ తీర్మానించాడు. 1931లో నోబెల్ అందుకున్న ఆయన (ఆ బహుమతి వచ్చింది శ్వాసక్రియ ఎంజైము మీద చేసిన పనికి) ఆ మాటను చివరిదాకా వదల్లేదు. ఆయన చూసింది నిజం. చెప్పిన కారణం మాత్రం చాలా క్యాన్సర్లకు వర్తించదు. ఎక్కువ కణితుల్లో, కణానికి శ్వాసక్రియ జరిగే చోటైన మైటోకాండ్రియా చక్కగానే పనిచేస్తుంది. మరి ఇంత దుబారా ఎందుకు? వేగంగా విభజన చెందే కణానికి శక్తి ఒక్కటే చాలదు. మరో కణాన్ని కట్టడానికి డీఎన్‌ఏ కావాలి, పొరలకు కొవ్వు కావాలి, ప్రోటీన్లు కావాలి. గ్లూకోజును పూర్తిగా కాల్చేస్తే అందులోని కార్బన్ అంతా గాలిలో కలిసిపోతుంది. సగంలో ఆపితే కొంత కార్బన్ ఈ నిర్మాణానికి మళ్ళుతుంది.

వార్‌బర్గ్ చూసిన ఈ ఆబనే ఈరోజు పెట్ స్కాన్‌లో చూస్తున్నాం. హైదరాబాదులోనో విశాఖలోనో ఈ స్కాన్‌కు వెళ్ళిన రోగిని ముందు కొన్ని గంటలు ఏమీ తినవద్దంటారు. రక్తంలో చక్కెర ఎంతుందో చూస్తారు. ఆ తర్వాత ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజును నరంలోకి ఎక్కిస్తారు. కణాలు దాన్ని మామూలు గ్లూకోజు అనుకుని లోపలికి తీసుకుంటాయి. మొదటి మెట్టు దాకా మార్చగలవు గానీ అక్కడినుంచి ముందుకు నడపలేవు. దాంతో అది లోపలే ఉండిపోతుంది. గ్లూకోజును ఎక్కువగా గుంజుకునే కణితి తెరమీద వెలుగుతూ కనిపిస్తుంది. ఈ ఫ్లోరిన్ 110 నిమిషాలకు సగమైపోతుంది కాబట్టి పని త్వరగా ముగించాలి.

సుబ్బారావు చూపిన దారి

క్యాన్సర్ కణానికి కావలసిన రసాయనాన్ని అందకుండా చేసి దాన్ని దెబ్బకొట్టడం సాధ్యమని మొదట రుజువు చేసిన పరిశోధనలో ఒక తెలుగువాడి చేయి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కండరంలో కనుగొన్నాడు. 1929లో ఏటీపీని కూడా ఈ జంటే గుర్తించింది. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగా దాన్ని కనుగొన్నాడు. కణం శక్తిని ఎలా దాచుకుంటుందో తెలుసుకోవడంలో ఇవి పునాదిరాళ్ళు.

తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. డీఎన్‌ఏ ముక్కలు తయారుకావాలంటే ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి. గర్భిణులకు ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇచ్చేది ఇందుకే. బిడ్డ ఒంట్లో కణాలు శరవేగంగా పెరుగుతుంటాయి. లుకేమియా కణాలకూ అంతే అవసరం. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ దాని పనికి అడ్డుపడే అమినోటెరిన్ లాంటి పదార్థాలను కూడా సుబ్బారావు బృందమే తయారుచేసింది. బోస్టన్ బాలల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ వాటిని పిల్లలకు వాడి చూశాడు. 1948లో ఆయన ప్రచురించిన వివరాల ప్రకారం లుకేమియా ఉన్న 16 మంది పిల్లల్లో 10 మందికి వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఆ మెరుగు కొద్ది నెలలే నిలిచింది. అయితే అంతవరకూ ఆ పిల్లలకు ఏ మందూ లేదు. అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశాడు. అమినోటెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల లుకేమియా వైద్యంలో వాడుకలో ఉంది.

మరో ఉదాహరణ అంతకంటే చిత్రమైనది. 1953లో జాన్ కిడ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గినీ పందుల రక్తద్రవాన్ని ఎలుకలకు ఎక్కిస్తే వాటిలోని లింఫోమా కణితులు కరిగిపోవడం గమనించాడు. ఇతర జంతువుల రక్తద్రవంతో అలా జరగలేదు. కారణం ఆస్పరాజినేజ్ అనే ఎంజైమని 1961లో జాన్ బ్రూమ్ తేల్చాడు. అది రక్తంలోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని ముక్కలు చేస్తుంది. మన మామూలు కణాలు ఆస్పరాజిన్‌ను సొంతంగా తయారుచేసుకోగలవు. కొన్ని లుకేమియా కణాలు చాలినంత చేసుకోలేవు, రక్తం మీదే ఆధారపడతాయి. రక్తంలో అది లేకుండా చేస్తే అవి చస్తాయి, మిగతావి బతుకుతాయి. నేడు బాక్టీరియా నుంచి తీసిన ఆస్పరాజినేజ్‌ను పిల్లల లుకేమియాకు ఇస్తున్నారు.

ఈ రెండు మందులూ కొరత మీద ఆధారపడినవి. క్యాన్సర్ కణానికి ఎక్కువ అవసరమైనదాన్ని అందకుండా చేయడమే వాటి సూత్రం. ఐడీహెచ్ కథ అలా కాదు. అక్కడ కణం, ఉండకూడని రసాయనాన్ని కొత్తగా కుప్పపోస్తుంది.

ఒక్క అక్షరం తేడా

మామూలు ఐడీహెచ్ ఎంజైము చేసే పని సులువుగా చెప్పుకోవచ్చు. ఆరు కార్బన్ల ఐసోసిట్రేటును తీసుకుని, ఒక కార్బన్‌ను తొలగించి, అయిదు కార్బన్ల ఆల్ఫా-కీటోగ్లుటరేటుగా మారుస్తుంది. ఐడీహెచ్1 కణద్రవంలో ఉంటుంది. దాని జోడీ ఐడీహెచ్2 మైటోకాండ్రియాలో ఉంటుంది.

ఐడీహెచ్1 ప్రోటీను 414 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 132వ స్థానంలో ఆర్జినిన్ ఉండాలి. దాని జన్యులిపి సీ-జీ-టీ. మెదడు కణితుల్లో ఎక్కువగా కనిపించే మార్పులో మధ్యనున్న జీ కాస్తా ఏ అయింది. సీ-ఏ-టీ అంటే హిస్టిడిన్. మూడు వందల కోట్ల అక్షరాల జన్యుసంపుటిలో ఒక్క అక్షరం మారితే కథ తిరిగింది.

ఈ మార్పులో రెండు విడ్డూరాలు ఉన్నాయి. ఎంజైము పాడవడమే క్యాన్సర్‌కు కారణమైతే, జన్యువు ఎక్కడ తెగినా చాలాలి. ఇక్కడ మళ్ళీ మళ్ళీ అదే స్థానం దెబ్బతింటోంది. పైగా తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతుల్లో ఒకటే మారుతోంది, రెండోది భద్రంగా ఉంటోంది. అంటే ఎంజైము ఉన్న పనిని పోగొట్టుకోవడమే కాదు, కొత్త పనేదో నేర్చుకుందని అనుమానించాలి.

2009లో అజియోస్ అనే చిన్న అమెరికన్ కంపెనీ శాస్త్రవేత్తలు ఆ అనుమానాన్ని సూటిగా పరీక్షించారు. మారిన జన్యువును మెదడు కణితి కణాల్లోకి చొప్పించారు. ఆ కణాల నుంచి తీసిన రసాయనాలను మాస్ స్పెక్ట్రోమీటరులోకి పంపి, ఏవి పెరిగాయో ఏవి తగ్గాయో పోల్చి చూశారు. మిగతావన్నీ ఇంచుమించు మామూలుగా ఉంటే, ఒక్క రసాయనం మాత్రం ఆకాశానికి ఎగబాకింది. అది 2-హైడ్రాక్సీగ్లుటరేట్. రోగుల కణితుల్లో కొలిస్తే గ్రాముకు 5 నుంచి 35 మైక్రోమోళ్ళు ఉంది. మార్పు లేని కణితులతో పోలిస్తే ఇది వంద రెట్లకు పైమాటే.

మారిన ఎంజైము తన ఉత్పత్తి అయిన ఆల్ఫా-కీటోగ్లుటరేటునే మళ్ళీ పట్టుకుని, మరో అడుగు నడిపించి, ఈ కొత్త పదార్థంగా మారుస్తోంది. పుట్టుకతో వచ్చే ఒక అరుదైన జబ్బులో పిల్లల మూత్రంలో ఈ రసాయనం కనబడుతుందని 1980 నుంచే వైద్యులకు తెలుసు. క్యాన్సర్‌లో ఇది ఉంటుందని మాత్రం అంతవరకూ ఎవరూ ఊహించలేదు. క్యాన్సర్‌ను పుట్టించే ఇలాంటి రసాయనాలకు తర్వాత ఆంకోమెటబొలైట్లు అని పేరు వచ్చింది.

సీటు ఆపుకున్న అణువు

ఈ రెండు అణువులనూ పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండిటికీ అయిదేసి కార్బన్లు. రెండు చివర్లా ఆమ్లపు కొసలు. తేడా అంతా రెండో కార్బన్ దగ్గరే. ఆల్ఫా-కీటోగ్లుటరేటులో అక్కడ జంటబంధంతో ఆక్సిజన్ ఉంటుంది. కొత్త పదార్థంలో దాని బదులు ఒక హైడ్రాక్సిల్, ఒక హైడ్రోజన్ ఉంటాయి. పైకి చూస్తే కవలపిల్లలే.

మన కణాల్లో అరవైకి పైగా ఎంజైములు ఆల్ఫా-కీటోగ్లుటరేటు వచ్చి తమలో కూర్చుంటేనే పనిచేస్తాయి. వాటికి ఇనుమూ ఆక్సిజనూ కూడా కావాలి. బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసి ఆపుకోవడం మనకు తెలిసిందే. తువ్వాలు ప్రయాణం చెయ్యదు, కానీ ఎక్కవలసిన మనిషికి చోటుండదు. ఈ కొత్త రసాయనం చేసేది అదే. ఆ ఎంజైముల్లో ఆల్ఫా-కీటోగ్లుటరేటు చోటును ఆక్రమించి, తను మాత్రం ఏ పనీ చెయ్యదు. దాని పట్టు అంత గట్టిది కాదు. కానీ కణంలో అది గుట్టలుగా ఉంటుంది కాబట్టి సంఖ్యాబలంతో నెగ్గుతుంది.

అలా ఆగిపోయే ఎంజైముల్లో ముఖ్యమైంది టెట్2. డీఎన్‌ఏ మీద అక్కడక్కడా మిథైల్ గుర్తులు ఉంటాయి. ఒక జన్యువును మూసి ఉంచాలంటే ఆ గుర్తులు పెరుగుతాయి, తెరవాలంటే తొలగుతాయి. టెట్ ఎంజైములు ఈ తొలగింపును మొదలుపెడతాయని హార్వర్డులో అంజనా రావు బృందం 2009లో చూపింది. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీది గుర్తులను చెరిపే మరో ఎంజైముల కుటుంబం కూడా ఇలాగే ఆగిపోతుంది.

ఫలితం ఏమిటి? మన ఎముక మూలుగలో మూలకణాలు విభజన చెంది, దశలవారీగా ఎదిగి, తెల్ల రక్తకణాలుగానో ఎర్ర రక్తకణాలుగానో మారతాయి. పూర్తిగా ఎదిగిన కణం విభజన మానేసి, తన పని తాను చేసి, కాలం తీరాక చనిపోతుంది. ఎదగడానికి కావలసిన జన్యువులు తెరుచుకోకపోతే కణం పసితనంలోనే నిలిచిపోయి విభజన చెందుతూనే ఉంటుంది. ఏఎంఎల్ అంటే మూలుగ నిండా ఇలాంటి ఎదగని కణాలు పోగుపడటమే.

ఈ వాదనకు రెండు బలమైన సాక్ష్యాలున్నాయి. మొదటిది రోగుల నుంచి వచ్చింది. ఏఎంఎల్ ఉన్నవారిలో టెట్2 జన్యువు చెడినవారికి ఐడీహెచ్ చెడటం, ఐడీహెచ్ చెడినవారికి టెట్2 చెడటం చాలా అరుదని 2010లో తేలింది. రెండూ ఒకే దారిని మూస్తాయి కాబట్టి ఒకటి చాలు. రెండో సాక్ష్యం ప్రయోగశాల నుంచి వచ్చింది. 2013లో బోస్టన్ శాస్త్రవేత్తలు, ప్రత్యేక పోషక ప్రోటీను లేనిదే పెరగని ఒక రకం రక్తకణాలకు, కణంలోకి చొరబడగలిగే రూపంలో ఈ రసాయనాన్ని నేరుగా ఇచ్చారు. జన్యువును ముట్టుకోలేదు. కొన్నాళ్ళకు ఆ కణాలు పోషకం లేకుండానే పెరగసాగాయి, ఎదగడం మానేశాయి. రసాయనాన్ని తీసేస్తే మళ్ళీ పాతదారికి వచ్చాయి. తప్పు చేయిస్తున్నది ఈ రసాయనమేనని, దాన్ని తొలగిస్తే కణం దారిలో పడే వీలుందని ఆ ఒక్క ప్రయోగం చెప్పింది.

ఊపిరాడుతున్నా ఆడనట్టు

ఐడీహెచ్ ఒంటరిది కాదు. మెడలోనూ, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల్లోనూ వచ్చే పారాగాంగ్లియోమా, ఫియోక్రోమోసైటోమా అనే కణితులు కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా కనిపిస్తాయి. 2000లో వాటి కారణం దొరికింది. మైటోకాండ్రియాలో సక్సినేటును ఫ్యూమరేటుగా మార్చే ఎంజైము దెబ్బతింటోంది. 2002లో ఫ్యూమరేటును తర్వాతి మెట్టుకు తీసుకెళ్ళే ఎంజైము లోపం గర్భాశయ గడ్డలకూ, ఒక రకం కిడ్నీ క్యాన్సర్‌కూ దారితీస్తుందని తెలిసింది. ఈ రెండూ హాన్స్ క్రెబ్స్ 1937లో వివరించిన సిట్రిక్ ఆమ్ల వలయంలోని మెట్లే. క్రెబ్స్ శాస్త్రం నేర్చింది వార్‌బర్గ్ ప్రయోగశాలలోనే.

మెట్టు మూసుకుపోతే సరుకు వెనక పేరుకుంటుంది. పేరుకున్న సక్సినేటు, ఫ్యూమరేటు కూడా ఆ ఆల్ఫా-కీటోగ్లుటరేటు ఎంజైములనే అడ్డుకుంటాయి. వాటిలో ఒకటి కణానికి ఆక్సిజన్ అందుతోందో లేదో కనిపెట్టే ఎంజైము. ఆక్సిజన్ ఉన్నప్పుడు అది హిఫ్ అనే ప్రోటీనును గుర్తుపెట్టి నాశనం చేయిస్తుంది. ఆక్సిజన్ తగ్గితే హిఫ్ నిలిచి, కొత్త రక్తనాళాలు మొలిపించే జన్యువులను తెరుస్తుంది. ఈ ఏర్పాటును విప్పి చెప్పినందుకు గ్రెగ్ సెమెంజా, పీటర్ రాట్‌క్లిఫ్, విలియం కేలిన్‌లకు 2019లో నోబెల్ వచ్చింది. సక్సినేటు పేరుకున్న కణంలో ఆక్సిజన్ సమృద్ధిగా ఉన్నా లేనట్టే వ్యవహారం నడుస్తుంది. కణితికి రక్తనాళాలు అల్లుకుంటాయి.

శ్వాసక్రియ చెడితే క్యాన్సర్ వస్తుందన్న వార్‌బర్గ్ మాట ఈ అరుదైన కణితుల విషయంలో నిజమైంది. వైద్యానికీ ఇక్కడ దారి దొరికింది. హిఫ్ కుటుంబంలోని ఒక ప్రోటీనును అడ్డుకునే బెల్జుటిఫాన్ అనే మాత్రను 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక వంశపారంపర్య వ్యాధిలో వచ్చే కణితులకు అనుమతించింది. 2025లో పారాగాంగ్లియోమా, ఫియోక్రోమోసైటోమాలకూ అనుమతి ఇచ్చింది.

చంపకుండా ఎదిగించే మందులు

మారిన ఐడీహెచ్ మామూలు కణాల్లో ఉండదు. కాబట్టి దానికి మాత్రమే అడ్డుపడే మందు తయారుచేస్తే మిగతా ఒంటికి హాని తక్కువ. ఆ ఆలోచన అచిరకాలంలోనే ఫలించింది. రసాయనం దొరికింది 2009లో. మారిన ఐడీహెచ్2ను ఆపే ఎనాసిడెనిబ్‌కు 2017 ఆగస్టులో, ఐడీహెచ్1ను ఆపే ఐవోసిడెనిబ్‌కు 2018 జులైలో ఏఎంఎల్ రోగుల కోసం ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. ప్రయోగశాలలో కనుగొన్న సంగతి తొమ్మిదేళ్ళలోపే రోగి మింగే మాత్ర అయింది.

ఈ మందుల పనితీరు మామూలు కీమోథెరపీకి భిన్నం. కీమో క్యాన్సర్ కణాలను చంపుతుంది. ఇవి ఎదగనిస్తాయి. మందు పనిచేసిన రోగుల రక్తంలో పూర్తిగా ఎదిగిన తెల్లకణాలు కనిపించాయి. వాటిని పరీక్షిస్తే అవే ఐడీహెచ్ మార్పును మోస్తున్నాయి. అంటే నిన్నటి లుకేమియా కణాలే నేడు ఎదిగి మామూలు కణాల పని చేస్తున్నాయి. ఇతర మందులు పనిచేయని రోగుల్లో ఎనాసిడెనిబ్‌కు సుమారు 40 శాతం మంది స్పందించారు. గట్టి కీమో తట్టుకోలేని కొత్త రోగులకు ఐవోసిడెనిబ్‌ను అజాసైటిడిన్ అనే మందుతో కలిపి ఇచ్చిన పరీక్షలో సగటు జీవితకాలం 24 నెలలుంది. అజాసైటిడిన్ ఒక్కటే తీసుకున్నవారిలో అది 7.9 నెలలు.

దీనికీ ఒక ప్రమాదముంది. కణాలు ఒక్కసారిగా గుంపుగా ఎదగడం మొదలుపెడితే జ్వరం, ఆయాసం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం లాంటివి వస్తాయి. వెంటనే గుర్తించి స్టెరాయిడ్లు ఇవ్వకపోతే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఈ మాత్రలు మింగేవారు ఆయాసాన్ని జలుబు కింద కొట్టిపారేయకూడదు.

మెదడు కణితికి మందు చేరడం మరింత కష్టం. రక్తంలోని చాలా పదార్థాలను మెదడు లోపలికి రానివ్వదు. ఆ అడ్డును దాటేలా తయారుచేసిన వోరాసిడెనిబ్‌ను, శస్త్రచికిత్స అయిపోయి వేరే చికిత్స ఇంకా మొదలుకాని రెండో గ్రేడు గ్లయోమా రోగులు 331 మందితో పరీక్షించారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో సగటున 11.1 నెలలకు కణితి ముదిరితే, మందు తీసుకున్నవారిలో 27.7 నెలలు పట్టింది. 2024 ఆగస్టులో అనుమతి వచ్చింది. ఈ రోగుల్లో చాలామంది ముప్పై, నలభైల్లో ఉన్నవాళ్ళు. మెదడుకు రేడియేషన్ ఇస్తే జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతినే భయముంది. దాన్ని ఏడాదో రెండేళ్ళో వాయిదా వేయగలగడం అంటే ఆ ఉద్యోగం, ఆ సంసారం అంతకాలం సాఫీగా సాగడమే.

ఇవేవీ నయం చేసేశాయని చెప్పలేం. పిత్తనాళ క్యాన్సర్‌లో ఐవోసిడెనిబ్ వ్యాధిని ఆపిన కాలం 2.7 నెలలు, ఉత్తుత్తి మాత్ర 1.4 నెలలు. లాభం ఉంది, కానీ స్వల్పం. లుకేమియాలో కొన్ని కణాలు మందు కూర్చునే చోటునే మార్చుకుని తప్పించుకుంటాయి. ఐడీహెచ్1ను ఆపితే ఐడీహెచ్2ను మార్చుకుని మళ్ళీ అదే రసాయనాన్ని తయారుచేసే కణాలు కూడా కనిపించాయి. కణం అంత పట్టుబట్టి తిరిగి తయారుచేసుకుంటోందంటే ఆ రసాయనం దానికి ఎంత అవసరమో తెలుస్తూనే ఉంది.

ఇదే తర్కంతో ఇప్పుడు మరో లక్ష్యం మీద పరీక్షలు సాగుతున్నాయి. క్యాన్సర్లలో దాదాపు 10 నుంచి 15 శాతంలో, కణితిని అణిచే ఒక జన్యువు తెగిపోయేటప్పుడు దాని పక్కనున్న ఎమ్‌టాప్ అనే జన్యువు కూడా పోతుంది. అప్పుడు ఎమ్‌టీఏ అనే రసాయనం కణంలో పేరుకుని, పీఆర్ఎమ్‌టీ5 అనే అత్యవసర ఎంజైమును సగం అణిచేస్తుంది. 2016లో ఈ బలహీనత బయటపడింది. ఎమ్‌టీఏ ఉన్నచోట మాత్రమే ఆ ఎంజైమును పూర్తిగా ఆపే మందులు ఇప్పుడు రోగుల మీద పరీక్షల్లో ఉన్నాయి. క్యాన్సర్ కణం పోగుచేసుకున్న రసాయనమే దాని మీదికి మందును తీసుకొస్తుంది.

చక్కెర మానేస్తే చాలా?

ఈ విషయాలు పేపర్లో చదివిన చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. క్యాన్సర్ చక్కెర తిని పెరుగుతుంది కదా, చక్కెర, అన్నం మానేస్తే ఎండిపోదా? ఎండిపోదు. మనం తినకపోయినా కాలేయం ప్రోటీన్ల నుంచి, ఇతర పదార్థాల నుంచి గ్లూకోజు తయారుచేసి రక్తంలో ఒక స్థాయి నిలుపుతుంది. మెదడుకూ ఎర్ర రక్తకణాలకూ అది తప్పనిసరి. కణితి ఆ గ్లూకోజును తీసుకుంటూనే ఉంటుంది. చిక్కిపోయేది రోగి. బరువు తగ్గి కండ కరిగిన రోగి కీమోను తట్టుకోలేడు, డోసు తగ్గించాల్సివస్తుంది.

శాస్త్రవేత్తల ప్రయత్నాలన్నీ కూడా ఫలించలేదు. షుగరు మందు మెట్‌ఫార్మిన్ రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా కాపాడుతుందేమోనని ఎంతో ఆశపడ్డారు. 3,649 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. మధుమేహం లేనివారికి ఉపయోగం కనిపించలేదు. కణితులు గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని విపరీతంగా వాడుకుంటాయని దాన్ని అడ్డుకునే మందు చేస్తే, కిడ్నీ క్యాన్సర్ పరీక్షలో అదీ నెగ్గలేదు. అందరి కణాలూ వాడుకునే రసాయనాన్ని ఆపబోతే కణితి పక్కదారి వెతుక్కుంటుంది. ఆ కణితికే ప్రత్యేకమైన రసాయనం దొరికినప్పుడే, లేదా ఆ కణితి సొంతంగా చేసుకోలేనిది దొరికినప్పుడే, మందు గెలిచింది. మెథోట్రెక్సేట్, ఆస్పరాజినేజ్, ఐడీహెచ్ మందులు వేర్వేరు తీరుల్లో నేర్పిన పాఠం ఇదే. కణితి జీవక్రియను గుడ్డిగా మాడ్చడం వైద్యం కాదు. ఏ కణితిలో ఏ రసాయనం తేడాగా ఉందో ముందు కనిపెట్టాలి.

కనిపెట్టే పద్ధతులు ఇప్పుడు అందుబాటులోనే ఉన్నాయి. శస్త్రచికిత్సలో తీసిన మెదడు కణితి ముక్కను గాజు పలక మీద పెట్టి, మారిన ఐడీహెచ్1ను మాత్రమే అంటుకునే యాంటీబాడీతో రంగు వేస్తే, ఆ మార్పున్న కణాలు గోధుమరంగు తేలుతాయి. అది తేలకపోతే జన్యుపరీక్షతో మిగతా మార్పులను వెతుకుతారు. తలను తెరవకుండానే ఎంఆర్ఐ యంత్రంతో ఆ రసాయనాన్ని మెదడులో గుర్తించే పద్ధతి కూడా 2012 నుంచి ఉంది. 2016 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారి గ్లయోమాలకు పేరు పెట్టడంలోనే ఐడీహెచ్ మార్పు ఉందా లేదా అన్నదాన్ని కీలకం చేసింది. ఉన్నవాళ్ళు లేనివాళ్ళకంటే సాధారణంగా ఎక్కువకాలం బతుకుతారు, చికిత్సా వేరుగా ఉంటుంది.

అందుకే ఈ అధ్యాయం చదివిన ప్రతివారికీ ఒక మనవి. మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ళలోనో ఎవరికైనా గ్లయోమా అనో, ఏఎంఎల్ అనో, పిత్తనాళ క్యాన్సర్ అనో తేలితే, అన్నం మాన్పించకండి. మెథోట్రెక్సేట్ వాడుతున్నవారికి బలానికని ఫోలిక్ ఆమ్లం ఉన్న విటమిన్ మాత్రలు డాక్టరును అడగకుండా ఇవ్వకండి. చికిత్స మొదలుపెట్టే ముందే డాక్టరును ఈ ఒక్క ప్రశ్న అడగండి: "ఐడీహెచ్ పరీక్ష చేశారా, అందులో ఏమొచ్చింది?"